సరైన యాంటీబయాటిక్, తగ్గని జ్వరం: ఒక కేస్ స్టడీ

నేను ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తాను. డాక్టరు చీటీ మీద రాసిన మందు రోగి రక్తంలోకి చేరేలోగా దారిలో ఏమేం జరుగుతుందో కనిపెట్టడం నా పనిలో పెద్ద భాగం. ఈ కేసులో రోగ నిర్ధారణ సరిగ్గా ఉంది. మందు ఎంపిక సబబుగా ఉంది. మోతాదు సరిపోయింది. రోగి ఒక్క పూట కూడా మానలేదు. అయినా జ్వరం తగ్గలేదు. ఇలాంటప్పుడు చాలామంది చూపు నేరుగా క్రిమి మీదికి పోతుంది, ఇది మందుకు లొంగని రకమేమో అని. అక్కడి నుంచి ఇంకా పెద్ద మందుకు, ఇంకా పెద్ద మోతాదుకు వెళ్లడం ఎంతో తేలిక. ఆ అడుగు వేసే ముందు చూడవలసింది ఒకటుంది, దాన్ని వివరంగా చెప్పాలనే ఈ కేసు రాస్తున్నాను.

రోగి, ఆమె కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, వైద్యానికి సంబంధం లేని కొన్నింటిని మార్చాను.

నేపథ్యం

రోగి అరవై దాటిన మహిళ. చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. ఎముకలు పలచబడ్డాయని క్యాల్షియం, రక్తం తక్కువగా ఉందని ఐరన్, వీటితో పాటు జింక్ వగైరా ఖనిజాలు కలిసిన ఒక మల్టీవిటమిన్. కడుపులో మంటగా ఉన్నప్పుడు యాంటాసిడ్ సిరప్ తాగుతారు, అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన మామూలు రకం. మూత్రపిండాల పనితీరు వయసుకు తగ్గట్టు బాగానే ఉంది. మందుల వ్యవహారమంతా కూతురు చూసుకుంటారు. ఏ పూట మాత్రలు ఆ పూట అరలో సర్దిన డబ్బా ఉంది. ఇంత శ్రద్ధగా మందులు వాడే ఇల్లు నాకు తరచుగా కనిపించదు.

పాత రికార్డుల్లో ఒక ముక్క ఉంది: ‘పెన్సిలిన్ పడదు’. ఎప్పుడు వాడారు, ఏమైంది, వేసుకున్న ఎంతసేపటికి అయింది అన్నది ఎక్కడా రాయలేదు.

వచ్చిన సమస్య

చలితో కూడిన జ్వరం, నడుముకు కుడి పక్కన నొప్పి, మూత్రంలో మంట. చూసిన డాక్టరు మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ పాకిందని తేల్చారు. వాంతులు లేవు, బీపీ నిలకడగా ఉంది, మాట స్పష్టంగా ఉంది, మాత్ర మింగగలరు. అందుకని ఇంటి దగ్గరే వైద్యం చాలనుకున్నారు. మొదటి మాత్ర వేయకముందే మూత్రం కల్చర్‌కు, అంటే అందులోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు పంపారు. ఈ ఒక్క పని ముందే జరగడం వల్ల తర్వాత మాకు ఎంతో మేలు జరిగింది. మాత్ర పడ్డాక తీసిన మూత్రంలో క్రిమి పెరగకపోవచ్చు. అప్పుడు ఏ మందుకు లొంగుతుందో చెప్పే ఆధారం చేజారిపోతుంది.

రాసిన మందు సిప్రోఫ్లోక్సాసిన్ 500 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, 7 రోజులు. ఈ ఎంపికను నేను సమర్థిస్తాను. సిప్రోఫ్లోక్సాసిన్ చెందిన ఫ్లోరోక్వినోలోన్ల కుటుంబం మీద హెచ్చరికలు తక్కువేమీ లేవు. వేరే మందు దొరికినప్పుడు మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు వీటిని వాడవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే గట్టిగా చెప్పింది. ఇక్కడ ఇన్ఫెక్షన్ మూత్రాశయం దాటి మూత్రపిండంలోకి వెళ్లింది. పైగా పెన్సిలిన్ పడదన్న రాత చూసి పెన్సిలిన్ కుటుంబానికి చెందిన మందులన్నిటినీ పక్కన పెట్టాల్సి వచ్చింది. మూత్రపిండ కణజాలంలోకి బాగా చొచ్చుకుపోయే నోటి మందుల్లో సిప్రోఫ్లోక్సాసిన్ ఒకటి.

మందుల షాపు వాళ్లు పెట్టె మీద ‘ఉదయం 1, రాత్రి 1, భోజనం తర్వాత’ అని రాసి ఇచ్చారు.

మూడు రోజులు నిండాయి. మూత్రంలో మంట చాలావరకు తగ్గింది. జ్వరం మాత్రం సాయంత్రమయ్యేసరికి చలితో వస్తూనే ఉంది, నడుము పక్క నొప్పి అలాగే ఉంది. ఈ ఇన్ఫెక్షన్‌లో సరైన మందు పడితే మామూలుగా 48 నుంచి 72 గంటల్లో జ్వరం దిగాలి. దిగకపోతే కారణం వెతికి తీరాలి. ఆమెను ఆసుపత్రిలో పరిశీలనలో పెట్టారు, మందుల సమీక్షకు నన్ను పిలిచారు.

అప్పటికే చేసినవి, ఫలించనివి

రెండో రోజే కడుపులో మంట మొదలై కూతురు క్లినిక్‌కు ఫోన్ చేశారు. యాంటాసిడ్‌ను యాంటీబయాటిక్‌తో కలిపి ఇవ్వొద్దు, కాస్త గ్యాప్ ఇవ్వండి అని సలహా వచ్చింది. సలహాలో నిజముంది. అయితే ఆ ‘కాస్త’ ఎంతన్నది చెప్పలేదు. ఇంట్లో వాళ్లు అరగంట ఆగి ఇచ్చారు. క్యాల్షియం, ఐరన్ గురించి ఎవరూ అడగలేదు కాబట్టి అవి ఎప్పటిలాగే నడిచాయి. ఇంటి వాళ్ల లెక్కలో సమస్య తీరిపోయింది, జ్వరం మాత్రం తీరలేదు.

రెండో ప్రయత్నం, మందు సరిగ్గా వాడుతున్నారా అని అడగడం. “ఒక్క పూట కూడా తప్పలేదండీ” అన్నారు కూతురు. స్ట్రిప్‌లో మిగిలిన మాత్రలు లెక్కపెడితే అక్షరాలా సరిపోయాయి. ఈ జవాబు నూటికి నూరుపాళ్లు నిజం, అందుకే అది అందరినీ పక్కదారి పట్టించింది. క్రమం తప్పకుండా వాడుతున్నారని రాసుకోగానే మందు ఒంట్లోకి చేరుతోందని కూడా మనసు రాసేసుకుంటుంది. మింగడం వేరు, రక్తంలో కలవడం వేరు.

అంతలో కల్చర్ ఫలితం వచ్చింది. క్రిమి ఈ.కోలై. సిప్రోఫ్లోక్సాసిన్‌కు, సెఫ్ట్రియాక్సోన్‌కు, నైట్రోఫ్యూరాంటోయిన్‌కు లొంగుతుంది. యాంపిసిలిన్‌కు, కోట్రైమాక్సజోల్‌కు లొంగదు. అంటే మొండి క్రిమి అన్న అనుమానం కొట్టుకుపోయింది. అల్ట్రాసౌండ్‌లో మూత్రనాళానికి అడ్డం లేదు, రాయి లేదు, చీముగడ్డ లేదు. మందు చేరలేని మూల ఏదైనా ఉందేమో అన్న రెండో అనుమానానికీ ఆధారం దొరకలేదు.

మందు సరైనది, క్రిమి లొంగేది, దాక్కునే చోటు లేదు. ఇక మిగిలింది నోటికీ రక్తానికీ మధ్య దారి ఒక్కటే.

సమీక్షలో బయటపడినవి

ఇంట్లో ఉన్న ప్రతి మందూ సంచిలో వేసుకుని రమ్మన్నాను. వాడుతున్నవి, మానేసినవి, సిరప్‌లు, బలానికని కొన్నవి, ఎవరో ఇచ్చినవి, అన్నీ. వచ్చాక పేర్లు చదవమనలేదు. నిన్నటి రోజును చెప్పమన్నాను.

“నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా చెప్పండమ్మా. నోట్లోకి ఏం వెళ్లినా చెప్పండి. మందైనా, తిండైనా, తాగినదైనా.”

“పొద్దున తిన్నాక అన్ని మాత్రలూ ఒకేసారి ఇచ్చేస్తానండీ” అన్నారు కూతురు. “విడివిడిగా ఇస్తే అమ్మ విసుక్కుంటుంది.”

ఆ అన్నిట్లో సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది, ఐరన్ ఉంది, మల్టీవిటమిన్ ఉంది. రాత్రి భోజనం తర్వాత సిప్రోఫ్లోక్సాసిన్‌తో పాటు క్యాల్షియం. ఆపైన అరగంటకు యాంటాసిడ్.

తల్లి ఇంకో సంగతి చెప్పారు. “పొద్దున కూడా ఆ సిరప్ రెండు మూతలు తాగుతున్నానయ్యా. అది తాగితేనే ఆ పెద్ద మాత్ర కడుపులో ఇముడుతోంది.” ఈ సంగతి కూతురికి కూడా తెలియదు.

సిప్రోఫ్లోక్సాసిన్ అణువు అల్యూమినియం, మెగ్నీషియం, ఐరన్, జింక్, క్యాల్షియం లాంటి లోహ అయాన్లను గట్టిగా పట్టుకుంటుంది. అలా ముడిపడ్డ జంట పేగు గోడ దాటలేక మలంలో బయటికి పోతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం అల్యూమినియం, మెగ్నీషియం యాంటాసిడ్‌తో. మందులో 90 శాతం దాకా రక్తానికి అందకుండా పోవచ్చు. ఐరన్, జింక్, క్యాల్షియం దెబ్బ దానికంటే తక్కువే అయినా, ఇవి కూడా గట్టిగానే తగ్గిస్తాయి. ఈమెకు రోజుకు రెండు పూటలా, ప్రతి మోతాదుకూ వీటిలో కనీసం రెండు తోడుగా వెళ్తున్నాయి.

మంట తగ్గి జ్వరం తగ్గకపోవడానికి కూడా ఇక్కడే అర్థం దొరికిందని నా అంచనా. ఈ మందు మూత్రంలోకి వచ్చేసరికి రక్తంలో కంటే ఎన్నో రెట్లు చిక్కబడుతుంది. కొద్దిగా ఒంటికి పట్టినా మూత్రాశయంలో క్రిమిని అణచగలదు. మూత్రపిండ కణజాలంలో మాత్రం రక్తం నుంచి వచ్చే స్థాయే దిక్కు, ఆ స్థాయి చాలలేదు. సగం లక్షణాలు తగ్గడం వల్లే ఇంట్లో వాళ్లు మందు పనిచేస్తోందనుకుని మూడో రోజు దాకా ఆగారు.

సంచిలో ఇంకా రెండు స్ట్రిప్‌లు నన్ను ఆపాయి.

ఒకటి టిజానిడిన్, నడుము కండరాలు పట్టేసినప్పుడు ఎప్పుడో రాసినది. నడుము పక్క నొప్పికి ఇది ఇద్దామా అని కూతురు ఆలోచించారు, అదృష్టం, ఇవ్వలేదు. టిజానిడిన్‌ను కాలేయంలో విరిచే ఎంజైమును సిప్రోఫ్లోక్సాసిన్ అడ్డుకుంటుంది. రెండూ కలిస్తే టిజానిడిన్ రక్తంలో ఎన్నో రెట్లు పేరుకుని బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ రెండూ కలిపి వాడటం నిషిద్ధం. దాన్ని అక్కడే వేరుగా కట్టి, ఈ కోర్సు ముగిసేదాకా ముట్టవద్దని పైన రాసి ఇచ్చాను.

రెండోది సగం మిగిలిన అమాక్సిసిలిన్, క్లావులనేట్ మాత్రల స్ట్రిప్. కిందటేడు పంటి నొప్పికి రాశారట, నొప్పి తగ్గగానే మిగతావి దాచారట.

“ఇది వేసుకున్నప్పుడు ఏమైనా అయిందా అమ్మా? దద్దుర్లు, దురద, పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం?”

“ఏమీ కాలేదే. బాగానే పనిచేసింది.”

“మరి పెన్సిలిన్ పడదని రాసి ఉంది కదా?”

“అది పెన్సిలినా?” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పెట్టె మీద బ్రాండ్ పేరు వేరు కాబట్టి వాళ్లకు తెలియలేదు. అసలు కథ అడిగితే, ముప్పై ఏళ్ల పైచిలుకు కిందట ఏదో మందుతో వాంతులు, విరేచనాలు అయ్యాయి. దద్దుర్లు లేవు, వాపు లేదు, ఆయాసం లేదు. అది అలర్జీ లక్షణం కాదు, కడుపుకు సంబంధించిన దుష్ప్రభావం. పైగా ఆ తర్వాత అదే కుటుంబం మందును ఏ ఇబ్బందీ లేకుండా వాడారు. పెన్సిలిన్ అలర్జీ ఉందని చెప్పుకునేవాళ్లను పరీక్షిస్తే 90 శాతానికి పైగా ఆ మందును తట్టుకోగలరని తేలుతుంది. నిజంగా అలర్జీ వచ్చినవాళ్లలో కూడా పదేళ్లు గడిచేసరికి చాలామందికి అది పోతుంది. అలాగని ఎవరికి వారు ఇంట్లో వేసుకుని చూడరాదు. ఈమె విషయంలో ప్రమాదం తప్పింది గానీ, అలర్జీ నిజమై ఉంటే ఆ దాచిన స్ట్రిప్ ప్రాణం మీదికి తెచ్చేది.

దారులు, వాటిలో ఎంచుకున్నది

మోతాదును 750 మి.గ్రా.కు పెంచుదామా అన్నది మొదట వచ్చిన ఆలోచన. నేను వద్దన్నాను. ఖనిజాలు ఎంత మందును మింగేస్తున్నాయో ఏ పూటకా పూట మారుతుంది. లెక్క తెలియని నష్టానికి ఎదురుగా మోతాదు పెంచితే, ఏ రోజైనా యాంటాసిడ్ తాగని పూట మొత్తం మందు ఒకేసారి ఒంటికి పడుతుంది. అరవై దాటినవాళ్లలో ఈ మందుతో స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) వాయడం, తెగిపోవడం అనే ముప్పు మామూలుగానే ఎక్కువ. మడమ వెనక స్నాయువు ముఖ్యంగా.

కల్చర్‌లో లొంగుతుందని వచ్చిన నైట్రోఫ్యూరాంటోయిన్ ఇవ్వచ్చు కదా అని ఒక జూనియర్ అడిగారు. మంచి ప్రశ్న. ఆ మందు మూత్రంలో చిక్కగా చేరుతుంది, మూత్రపిండ కణజాలంలో చాలినంత నిలవదు. మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు చక్కటి మందు, ఈ జ్వరానికి పనికిరాదు. రిపోర్టులో లొంగుతుందని రాసి ఉన్నంత మాత్రాన ఏ చోటి ఇన్ఫెక్షన్‌కైనా సరిపోతుందని కాదు.

మిగిలిన దారులు రెండు. రోజూ సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, లేదా అదే సిప్రోఫ్లోక్సాసిన్‌ను ఈసారి నిజంగా ఒంటికి అందేలా ఇవ్వడం. డాక్టరు రెండిటినీ కలిపారు. మధుమేహం ఉన్న మనిషి, మూడు రోజులుగా అరకొర మందు మీద ఉన్నారు, ఇంకో రోజు ఎదురుచూడటం సరికాదని ఒక సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. సెఫ్ట్రియాక్సోన్ పెన్సిలిన్‌కు దగ్గరి చుట్టం కాబట్టి, అలర్జీ కథ తేలకపోతే ఈ నిర్ణయం ఇంత ధైర్యంగా జరిగేది కాదు. ఆ సాయంత్రం నుంచి సిప్రోఫ్లోక్సాసిన్‌ను కొత్త వేళలతో మొదలుపెట్టారు. ఏడు రోజుల లెక్కను కూడా ఇంజెక్షన్ రోజు నుంచి కొత్తగా మొదలుపెట్టారు. అంతకుముందు మింగిన మాత్రలను వైద్యం కింద లెక్కించడానికి వీల్లేదన్నది ఆయన వాదన, నాకూ అదే సబబనిపించింది.

ఇక వేళలు. నియమం ఇది: సిప్రోఫ్లోక్సాసిన్‌ను ఖనిజాలకు కనీసం 2 గంటల ముందు వేసుకోవాలి, లేదా ఖనిజాలు తీసుకున్న 6 గంటల తర్వాత వేసుకోవాలి. పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి యాంటీబయాటిక్ అనుకుందాం. రాత్రి మోతాదుకు 6 గంటల ముందే ఖనిజాలు అయిపోవాలంటే మధ్యాహ్నం ఒంటిగంట దాటకూడదు. పొద్దున మోతాదు తర్వాత 2 గంటలు ఆగాలంటే తొమ్మిది కావాలి. అంటే తొమ్మిదికీ ఒంటిగంటకూ మధ్య ఉన్న నాలుగు గంటల్లోనే ఐరన్, క్యాల్షియం, మల్టీవిటమిన్ అన్నీ ఇరికించాలి. ఐరన్‌కూ క్యాల్షియానికీ కూడా ఒకదాంతో ఒకటి సరిపడదు, క్యాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. జ్వరంతో ఉన్న మనిషి, ఆమెను చూసుకునే ఇంకో మనిషి రోజంతా గడియారం చూస్తూ కూర్చోవాలి. కాగితం మీద చక్కగా కుదిరే ఇలాంటి పట్టికలు ఇంట్లో రెండో రోజుకే చెదిరిపోతాయి.

అందుకని వేరే మాట చెప్పాను: యాంటీబయాటిక్ నడిచినన్నాళ్లూ క్యాల్షియం, ఐరన్, మల్టీవిటమిన్ ఆపేద్దాం. నెలల తరబడి వాడే ఎముకల మందు వారం ఆగితే ఎముకలకు ఏమీ కాదు. నిలకడగా ఉన్న రక్తహీనతకు వారం ఐరన్ లేకపోతే తేడా కనపడదు. మూత్రపిండానికి ఈ వారం మందు అందకపోతే మాత్రం ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకవచ్చు. డాక్టరు ఒప్పుకున్నారు. యాంటాసిడ్ సిరప్ బదులు లోహాలు లేని, ఆమ్లం ఊరడాన్నే తగ్గించే మాత్ర రాశారు. కడుపు మంటకు ఏదో ఒకటి ఇవ్వకుండా సిరప్ మానమంటే ఆమె మానరు. మానమని చెప్పినా మళ్లీ చాటుగా తాగుతారు, అందులో ఆమె తప్పేమీ లేదు, మంట నిజంగానే ఉంది.

నిండు గ్లాసు నీళ్లతో మింగమన్నాను, పగలంతా నీళ్లు బాగా తాగమన్నాను. మాత్రను పాలతోనో పెరుగుతోనో మింగవద్దన్నాను, భోజనంలో భాగంగా కొద్దిగా ఉంటే పరవాలేదు. ఎండలో ఎక్కువసేపు ఉండవద్దన్నాను, ఈ మందు మీద ఉన్నప్పుడు చర్మం త్వరగా కమిలిపోతుంది. మడమ వెనక గానీ భుజంలో గానీ కొత్తగా నొప్పి మొదలైతే ఆ కాలు, ఆ చేయి కదపకుండా తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయమన్నాను. నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఉన్న విరేచనాలు ఆపే మాత్ర వేసుకోకుండా ముందు మాకు చెప్పమన్నాను. ఆ లక్షణం కోర్సు అయిపోయిన కొన్ని వారాలకు కూడా రావచ్చని చెప్పాను.

సరిచేసినందువల్ల వచ్చిన కొత్త ప్రమాదం

ఈ కేసులో నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించినది ఇక్కడే. ఖనిజాలు తీసేస్తే సిప్రోఫ్లోక్సాసిన్ మొత్తం ఒంటికి పడుతుంది. అదే మాకు కావాలి. అయితే దాని మేలుతో పాటు దాని మిగతా పనులన్నీ కూడా పూర్తి బలంతో మొదలవుతాయి. ఫ్లోరోక్వినోలోన్లు క్లోమంలో ఇన్సులిన్ విడుదలను పెంచగలవు. గ్లిమెపిరైడ్ చేసేదీ అదే పని. రెండూ కలిస్తే, ముఖ్యంగా పెద్దవయసు మధుమేహులకు, చక్కెర పడిపోతుంది. స్పృహ తప్పే దాకా వెళ్లిన సందర్భాలు నమోదయ్యాకే ఎఫ్‌డీఏ 2018లో ఈ హెచ్చరికను ఇంకా బలంగా రాయించింది. ఆమెకు జ్వరం వల్ల తిండి సగం తగ్గింది. గ్లిమెపిరైడ్ మాత్రం పూర్తి మోతాదులో నడుస్తోంది. మొదటి మూడు రోజులు ఏమీ కాలేదు కదా అనుకోవడానికి వీల్లేదు, ఆ మూడు రోజులు ఒంట్లో మందు దాదాపు లేదు.

ఈ లెక్క డాక్టరు ముందు పెట్టగానే గ్లిమెపిరైడ్‌ను సగం చేశారు. ప్రతి భోజనానికి ముందు, పడుకునే ముందు చక్కెర చూడమన్నారు. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా మళ్లీ చూడాలి. 70 లోపు ఉంటే మింగగలిగే స్థితిలో ఉన్నంతవరకు చక్కెర కలిపిన నీళ్లు ఇచ్చి, 15 నిమిషాలకు మరోసారి చూడాలి.

రెండో రోజు సాయంత్రం భోజనానికి ముందు చేతులు వణికాయి. మీటరులో 64. చక్కెర నీళ్లు తాగాక 15 నిమిషాలకు 90 దాటింది. ఆ రాత్రే గ్లిమెపిరైడ్‌ను కోర్సు ముగిసేదాకా పూర్తిగా ఆపేశారు, మెట్‌ఫార్మిన్ ఒక్కటే కొనసాగింది. చక్కెర ఆ తర్వాత కాస్త ఎక్కువగానే ఉంది గానీ, వారం పాటు ఎక్కువ ఉండటం కంటే ఒక్క రాత్రి నిద్రలో పడిపోవడం ఎంతో ప్రమాదం. మళ్లీ తక్కువ కాలేదు.

ఏం ఫలించింది

ఇంజెక్షన్ ఇచ్చిన మర్నాటి సాయంత్రం జ్వరం రాలేదు. ఆ మొదటి మార్పులో ఇంజెక్షన్ వాటా ఎంత, సరిగ్గా అందిన మాత్ర వాటా ఎంత అని విడదీసి చెప్పడం సాధ్యం కాదు. సెఫ్ట్రియాక్సోన్ ఒక్క మోతాదు దాదాపు 24 గంటలు కాపు కాస్తుంది. ఆ తర్వాతి రోజులన్నీ సిప్రోఫ్లోక్సాసిన్ ఒక్కటే ఉంది, జ్వరం తిరిగి రాలేదు, నడుము పక్క నొప్పి క్రమంగా పోయింది. మొదటి మూడు రోజుల్లో పనిచేయని అదే మాత్ర, అదే మోతాదు, ఖనిజాలు పక్కకు తప్పుకున్నాక పనిచేసింది. స్నాయువు నొప్పి రాలేదు, విరేచనాలు కాలేదు.

నేర్చుకోవాల్సినవి

‘భోజనం తర్వాత’ అన్న రెండు మాటల దగ్గర కాస్త ఆగాలి. కడుపులో మంట తగ్గడానికి ఆ సూచన మంచిదే, సిప్రోఫ్లోక్సాసిన్‌ను తిండితో వేసుకోవచ్చు కూడా. కానీ క్యాల్షియం, ఐరన్, మల్టీవిటమిన్, అన్నిటి మీదా అదే సూచన ఉంటుంది. అన్నీ విడివిడిగా సరైన సూచనలే. కలిపితే ఒక శ్రద్ధగల కూతురు చేతిలో అన్ని మాత్రలూ ఒకే గుక్కలో వెళ్లిపోతాయి. ఆమె చదివిన ప్రతి మాటనూ పాటించారు. యాంటీబయాటిక్ ఇచ్చే వాళ్లు దేనితో కలపకూడదో, ఎన్ని గంటల దూరమో అంకెలతో రాయాలి. ‘గ్యాప్ ఇవ్వండి’ అంటే ఎవరి గడియారం వాళ్లది.

రోగులు నన్ను పాలు పడవా, మాత్రల మధ్య దూరం ఎంత అని అడుగుతుంటారు. అన్ని యాంటీబయాటిక్‌లకూ ఒకే జవాబు లేదు. లెవోఫ్లోక్సాసిన్‌కు ఖనిజాల నుంచి ముందు 2 గంటలు, తర్వాత 2 గంటలు చాలు. మాక్సిఫ్లోక్సాసిన్‌కు ముందు 4, తర్వాత 8 కావాలి. డాక్సీసైక్లిన్ కూడా ఖనిజాలతో ముడిపడుతుంది. దానికి ఇంకో జాగ్రత్త ఉంది: కొద్ది నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే మాత్ర అన్నవాహికలో ఇరుక్కుని పుండు పడుతుంది, అందుకే నిండు గ్లాసు నీళ్లు తాగి కనీసం అరగంట నిటారుగా ఉండాలి. అమాక్సిసిలిన్‌కు పాలతో పేచీ లేదు. కాబట్టి ఎవరికో చెప్పిన జాగ్రత్త మీ మందుకు వర్తించకపోవచ్చు. మీ చేతిలో ఉన్న మందు పేరు చెప్పి, మీరు వాడే మిగతావన్నీ చూపించి అడగండి. సిరప్‌ను, బలం మాత్రను చాలామంది మందు కింద లెక్కేయరు. వాటిని కూడా చూపించండి.

పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మోతాదుకు వేళ దగ్గరపడితే మరిచినది వదిలేయాలి, రెండూ కలిపి వేసుకోకూడదు. ఈ ఒక్క మాట ముందే చెబితే సగం ఫోన్లు తగ్గుతాయి, సగం పొరపాట్లు కూడా.

చాలని మోతాదు వల్ల రోగి బాగుపడకపోవడం ఒక్కటే నష్టం కాదు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించారు: క్రిములను చంపలేనంత తక్కువ మందుకు గురిచేస్తే అవి ఆ మందుకే అలవాటు పడి మొండికేస్తాయని. ఆయన ఊహలో మోతాదు తగ్గించి వాడే మనిషి ఉన్నాడు. ఈమె పూర్తి మోతాదు వేసుకున్నారు, ఒంటికి అందింది మాత్రం అదే తక్కువ మోతాదు. ఇంకొన్ని రోజులు అలాగే నడిస్తే మందుకు లొంగే క్రిమి లొంగనిదిగా మారే వీలుంది. అప్పుడు మేము మొదట అనుమానించిన మొండి క్రిమి నిజంగానే తయారయ్యేది, దాన్ని తయారుచేసింది ఒక యాంటాసిడ్ సీసా అని ఎవరికీ తెలిసేది కాదు. అందుకే జ్వరం తగ్గలేదని మందు మార్చే ప్రతిసారీ, మార్చకముందే, నిన్నటి రోజును చెప్పించుకోమని నా తోటి ఫార్మసిస్టులను, డాక్టర్లను కోరుతున్నాను. దానికి పట్టేది పది నిమిషాలు.

చివరి మాత్ర వేసుకున్న మర్నాడు క్యాల్షియం, ఐరన్ మళ్లీ మొదలయ్యాయి, ఈసారి ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. గ్లిమెపిరైడ్ సగం మోతాదుతో తిరిగి వచ్చింది, చక్కెర చూసుకుంటూ పెంచాలన్నది డాక్టరు ఆలోచన. మిగిలిన అమాక్సిసిలిన్ స్ట్రిప్ పారేయడానికి నాకు ఇచ్చేశారు. రికార్డులో ‘పెన్సిలిన్ పడదు’ అన్న చోట డాక్టరు ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో, ఆ తర్వాత ఏ మందు ఇబ్బంది లేకుండా వాడారో పూర్తిగా రాసి, అలర్జీ అన్న మాట కొట్టేశారు. ఆ కాగితం నకలు ఒకటి పంటి డాక్టరుకు, ఒకటి మందుల షాపుకు ఇవ్వమని కూతురికి చెప్పాను. ఐరన్ తక్కువ కావడానికి అసలు కారణం ఏమిటన్నది ఇంకా తేలలేదు, ఆ పరీక్షలు నడుస్తున్నాయి.